గోధుమ చుక్కల లెక్క: రొమ్ము క్యాన్సర్ స్లైడ్ల మీద కేఐ-67, సీడీ8 (ప్రాజెక్టు డైరీ, విశాఖపట్నం)

దశ 0: ప్రశ్న, సామాను

రొమ్ము క్యాన్సర్‌లో సెల్ సైకిల్ ప్రోటీన్లకీ రోగనిరోధక కణాలకీ ఉన్న సంబంధం మీద పేపర్లు బోలెడున్నాయి. బఫర్ మరుగుతుండగా స్లైడు మీది ముక్క ఊడి జార్ అడుగుకి చేరితే ఏం చెయ్యాలో మాత్రం వాటిలో ఉండదు. ఈ డైరీ ఆ రెండో సంగతి గురించి. మా దగ్గర స్లైడ్ స్కానర్ లేదు, ఆటో స్టెయినర్ లేదు. ఒక మైక్రోటోమ్ (కణజాలాన్ని పలుచగా కోసే యంత్రం), కెమెరా తగిలించిన మైక్రోస్కోపు, పూర్ణామార్కెట్‌లో కొన్న 5 లీటర్ల ప్రెషర్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి ఉన్నాయి. ఇంచుమించు ఇదే సామానుతో మొదలుపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను.

ప్రశ్న ఇది. ట్యూమర్ కణాల్లో సెల్ సైకిల్ ప్రోటీన్లు ఎక్కువైనచోట, లేదా పోయినచోట, ఆ చుట్టుపక్కల సీడీ8 టీ కణాలు (ట్యూమర్ కణాల్ని చంపగలిగే రోగనిరోధక కణాలు) ఎన్నున్నాయి? అవి కణాల గుంపు లోపలికి వెళ్లాయా, అంచునే ఆగిపోయాయా?

నేపథ్యం క్లుప్తంగా. సైక్లిన్ డీ, సీడీకే4/6 కలిసి ఆర్‌బీ అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అప్పటిదాకా ఆర్‌బీ పట్టుకుని ఉన్న ఈ2ఎఫ్ విడుదలవుతుంది, కణం డీఎన్‌ఏ కాపీ చేసుకునే దశలోకి వెళ్తుంది. పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ అనే మూడు మందులూ పట్టుకునేది ఈ మెట్టునే. 2017లో నేచర్‌లో వచ్చిన పనిలో, ఎలుకల రొమ్ము ట్యూమర్లకి అబెమాసిక్లిబ్ ఇస్తే కణవిభజన ఆగడంతో కథ ముగియలేదు. ఈ2ఎఫ్ తగ్గి, దాంతో డీఎన్ఎంటీ1 (జన్యువుల్ని మూసి ఉంచే ఎంజైమ్) తగ్గి, మన జన్యువుల్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న పాత వైరస్ ముక్కలు లేచాయి. ఇంటర్‌ఫెరాన్ సంకేతం (వైరస్ వచ్చిందనే హెచ్చరిక) మొదలై, ట్యూమర్ కణాలు తమ యాంటిజెన్లని టీ కణాలకి ఎక్కువగా చూపించాయి. 2018లో అదే పత్రికలో వచ్చిన ఇంకో పని రెండో ముఖం చూపించింది. సైక్లిన్ డీ–సీడీకే4 జంట మామూలుగా టీ కణాల్ని ఆపే పీడీ-ఎల్1 ప్రోటీన్‌ని ఎస్‌పీఓపీ అనే ఇంకో ప్రోటీన్ ద్వారా నాశనం చేయిస్తుంది, దాన్ని మందుతో ఆపితే పీడీ-ఎల్1 పెరుగుతుంది. అంటే అదే మందు ఒకవైపు టీ కణాల్ని పిలుస్తూ, ఇంకోవైపు వాటికి అడ్డుగోడ కడుతోంది. ఇదంతా చదివాక స్లైడు మీద అవి ఎలా కూర్చున్నాయో చూడకుండా ఉండటం నావల్ల కాలేదు.

మొదటి ప్యానెల్: కేఐ-67, సైక్లిన్ డీ1, ఆర్‌బీ, ఫాస్ఫో ఆర్‌బీ, పీ16, సీడీ8. కేఐ-67 విభజన బాటలో ఉన్న కణాల గుర్తు, పీ16 అనేది సీడీకే4/6ని అణిచే ప్రోటీన్. ఒక్కో ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ వేసి, అది అతుక్కున్నచోట డాబ్ అనే రసాయనంతో గోధుమ రంగు తెప్పిస్తాం, మిగతా కేంద్రకాలు హిమటాక్సిలిన్‌తో నీలం. ప్యానెల్‌లో ఒకటి మధ్యలోనే పోయింది. అది దశ 3లో.

దశ 1: బ్లాకులు

రోగనిర్ధారణ పూర్తయ్యి మిగిలిపోయిన పారాఫిన్ బ్లాకులు తీసుకున్నాం. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. పేర్లు పూర్తిగా తీసేసిన మిగులు నమూనాలకి విడిగా సమ్మతిపత్రం అక్కర్లేకుండా కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఉంది. అయితే ఆ మినహాయింపు ఇవ్వాల్సింది కమిటీయే, మనం అనుకుంటే సరిపోదు. మాకు బ్లాకులు బి-1, బి-2 అనే కోడ్లతోనే వచ్చాయి. ఏ కోడు ఎవరిదో నాకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

వచ్చినవి 42. తీసేసినవి:

1. ఆపరేషన్‌కి ముందే కీమో తీసుకున్నవి: 5. కీమో తర్వాత కేఐ-67 మారిపోతుంది, లింఫోసైట్లూ (టీ, బీ కణాల్లాంటి రోగనిరోధక కణాలు) మారిపోతాయి. రెండు కొలతల్నీ ఒకే కారణం కదిలిస్తే మన ప్రశ్నకి జవాబు రాదు.
2. సగానికి పైగా చచ్చిపోయిన కణజాలమే ఉన్నవి: 4.
3. ఇంతకుముందే చాలా సెక్షన్లు కోసేసి ముక్క అరిగిపోయినవి: 3.

మిగిలినవి 30. రిపోర్టు ప్రకారం ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) పాజిటివ్, హెర్2 (పెరుగుదల సంకేతాల రిసెప్టర్) నెగెటివ్ 15. హెర్2 పాజిటివ్ 6. ఈ రెండూ, ప్రొజెస్టరాన్ రిసెప్టరూ లేని ట్రిపుల్ నెగెటివ్ 9.

*నడుస్తున్న లెక్క: బ్లాకులు 30.*

దశ 2: కొయ్యడం, ఊడిపోవడం

ఒక్కో బ్లాకు నుంచి వరుసగా 7 సెక్షన్లు, ఒక్కోటి 4 మైక్రాన్లు. మొదటిది హెచ్ అండ్ ఈ (కణజాలం ఆకారం చూపే మామూలు రంగు), రెండోది కేఐ-67 సీడీ8 జంట రంగు, తర్వాత సైక్లిన్ డీ1, పీ16, ఆర్‌బీ, ఆఖరి రెండూ స్పేర్. వరుస నంబరు పెన్సిల్‌తోనే రాయాలి, మార్కర్ ఇంకు జైలీన్‌లో కరిగిపోతుంది. వరుస ఎందుకంటే, లింఫోసైట్ కేంద్రకం 7 మైక్రాన్ల పైచిలుకు ఉంటుంది కాబట్టి ఒకే కణం పక్కపక్క సెక్షన్లలో కనబడొచ్చు. ఏడో సెక్షన్‌కి వచ్చేసరికి మొదటిదానికి 24 మైక్రాన్లు దిగువన ఉంటాం, అక్కడ కణానికి కణం పోల్చడం కుదరదు, ప్రాంతానికి ప్రాంతమే.

మొదటి 5 బ్లాకుల్ని లాబ్‌లో వాడుకలో ఉన్న ఆల్బుమిన్ పూత స్లైడ్ల మీదే ఎక్కించాం, 35 స్లైడ్లు. ఫార్మలిన్ మూసేసిన ప్రోటీన్లు యాంటీబాడీకి అందాలంటే స్లైడ్లని బఫర్‌లో మరిగించాలి. పీహెచ్ 9 బఫర్‌లో కుక్కర్ దిగాక చూస్తే 19 స్లైడ్ల మీద ముక్క మొత్తమో, సగమో లేదు. రొమ్ము కణజాలంలో కొవ్వు ఎక్కువ, కొవ్వున్నచోట సెక్షన్ గాజుకి సరిగ్గా అతుక్కోదు, మరిగేటప్పుడు ముందు లేచేది అక్కడినుంచే. లాబ్‌లో అందరికంటే పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా మైక్రోటోమ్ మీద కూర్చున్న టెక్నీషియన్, కుక్కర్ చూసి "ఏటమ్మా, ఇక్కడ కూడా వంటేనా?" అన్నారు గానీ, తర్వాత కుళాయి కింద చల్లార్చడం మానిపించిందీ ఆయనే. "గబుక్కున చల్లారిస్తే బుడగలొచ్చి ముక్క లేస్తది, దానంతట అదే దిగనీ" అన్నారు.

మార్చాక స్థిరపడ్డ పద్ధతి:

1. పాజిటివ్ చార్జ్ ఉన్న స్లైడ్లే. ఖరీదు ఎక్కువే, కానీ ఊడిన ముక్క తిరిగి రాదు.
2. సెక్షన్ ఎక్కించాక స్లైడుని నిలువుగా పెట్టి నీరు పూర్తిగా కారనిచ్చి, 60 డిగ్రీల దగ్గర గంట. మన ఊళ్లో వానాకాలం తేమకి నీరు త్వరగా ఆరదు, తడి ఉండగానే ఓవెన్‌లో పెడితే ముక్క కింద బుడగలు మిగులుతాయి.
3. బఫర్: లీటరు నీటికి ట్రిస్ 1.21 గ్రాములు, ఈడీటీఏ డైసోడియం ఉప్పు 0.37 గ్రాములు, ట్వీన్-20 అర మి.లీ., పీహెచ్ 9. పీహెచ్ 6 కావాలంటే లీటరుకి ట్రైసోడియం సిట్రేట్ 2.94 గ్రాములు.
4. బఫర్ కుక్కర్‌లో నేరుగా పొయ్యొద్దు. పాలీప్రొపిలీన్ జార్లలో పోసి, కుక్కర్ అడుగున మామూలు నీళ్లు. బఫర్‌ని ముందే వేడిచేసి పెట్టుకోండి.
5. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి 3 నిమిషాలు. ఇంట్లో కుక్కర్ కూడా ఆ ఒత్తిడిలో 120 డిగ్రీల దాకా వెళ్తుంది. విజిళ్ల లెక్కన నడపొద్దు, గడియారం పెట్టుకోండి.
6. ఒత్తిడి దానంతటదే దిగాక మూత తీసి, ఇంకో 20 నిమిషాలు బఫర్‌లోనే.

పొయ్యి వేరే గదిలో ఉండాలి. జైలీన్, ఆల్కహాల్ ఉన్న బల్ల దగ్గర ఇండక్షన్ అయినా సరే వద్దు.

చార్జ్డ్ స్లైడ్ల మీద ఆ 5 బ్లాకుల్నీ మళ్లీ కోసి, మిగతావీ కోశాం. 210లో ఊడినవి 4, అన్నీ కొవ్వు ఎక్కువున్న అంచులే.

*నడుస్తున్న లెక్క: మొత్తం కోసినవి 245, పనికొచ్చే సెట్టు 210, స్పేర్ 60 నుంచి 56.*

దశ 3: ఫాస్ఫో ఆర్‌బీ, ఎందుకు వదిలేశాం

పీ16, సైక్లిన్ డీ1 ఎంతున్నాయన్నది పరోక్ష సాక్ష్యం. సీడీకే4/6 నిజంగా పనిచేస్తోందా లేదా అనేది ఆర్‌బీ మీద ఫాస్ఫేట్ ఉందా అన్నదాన్ని బట్టి నేరుగా తెలుస్తుంది. అందుకే 807, 811 సెరీన్ల ఫాస్ఫేట్‌ని గుర్తుపట్టే యాంటీబాడీ తెచ్చి, 12 స్పేర్ స్లైడ్ల మీద వేసి చూశాం.

చాలావాటిలో ముక్క అంచు చుట్టూ సుమారు 2 మి.మీ. పట్టీ గోధుమగా ఉంది, లోపలంతా నీలమే. ఇదే చక్కటి జీవశాస్త్రంలా కనబడింది కూడా. ట్యూమర్ అంచున కణాలు ఎక్కువ విభజన చెందుతాయి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఆ పట్టీ ట్యూమర్ అంచుని కాకుండా కోసిన ముక్క అంచుని అనుసరిస్తోంది. ట్యూమర్ మధ్యలోంచి కోసిన వైపు కూడా అదే వెడల్పు. ఫార్మలిన్ గంటకి సుమారు ఒక మి.మీ. చొప్పునే లోపలికి వెళ్తుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కని పలకలుగా కొయ్యకుండా అలాగే డబ్బాలో వేస్తే, ఫార్మలిన్ మధ్యకి చేరేలోపు కణంలోని ఫాస్ఫటేజ్‌లు ఫాస్ఫేట్‌ని ఊడగొట్టేస్తాయి. రొమ్ము నమూనాలకి అంతర్జాతీయంగా చెప్పే నియమం గంటలోపు ఫార్మలిన్‌లోకి, 6 నుంచి 72 గంటలు అందులో. పాత బ్లాకుల విషయంలో ఇప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఫాస్ఫో ఆర్‌బీ జాబితాలోంచి తీసేశాం. దీని బదులు మొత్తం ఆర్‌బీ ఉందా లేదా, పీ16 గట్టిగా ఉందా అనే జంట చూడాలని నిర్ణయం. కేఐ-67 కూడా ఆలస్యంగా ఫిక్స్ అయినచోట తగ్గుతుంది కాబట్టి ముక్క మధ్యభాగంలో లెక్కలు కట్టొద్దని అప్పుడే రాసిపెట్టుకున్నాం.

*నడుస్తున్న లెక్క: స్పేర్ 44.*

దశ 4: అంతటా గోధుమ

ఒక బ్యాచ్‌లో ప్రైమరీ యాంటీబాడీ వెయ్యని కంట్రోల్ స్లైడు కూడా గోధుమగా వచ్చింది. ఎర్రరక్తకణాలు గోధుమ, న్యూట్రోఫిల్స్ గోధుమ. వీటిలో సహజంగానే పెరాక్సిడేజ్ తరహా చర్య ఉంటుంది, దాన్ని ముందే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అణచాలి. మా సీసా మందులషాపు 20 వాల్యూమ్, అంటే సుమారు 6 శాతం, సగం నీళ్లు కలిపితే 3 శాతం కావాలి. సీసా చాన్నాళ్లుగా తెరిచి ఉంది, బలం పోయింది. కొత్త సీసా, 3 శాతం, 10 నిమిషాలు, సమస్య పోయింది. రోగనిరోధక కణాలు లెక్కపెట్టే ప్రాజెక్టులో న్యూట్రోఫిల్ గోధుమగా కనబడటం మామూలు చిరాకు కాదు, లెక్కే తప్పుతుంది. 10 స్లైడ్లు పోయాయి.

ఇంకొకటి, అంచుల గోధుమ. బయట ఒళ్లు జిగటగా ఉండే ఉక్కపోత, లోపల ఏసీ గాలి. ఆ గాలికి యాంటీబాడీ చుక్క అంచుల నుంచి ఎండిపోయి అక్కడ ముదురు రంగు పట్టింది. ఏసీ ఆపలేం. అడుగున తడి టిష్యూ పరిచిన మూతడబ్బాలో స్లైడ్లు పెట్టడమే మందు. అలాగే హైడ్రోఫోబిక్ పెన్‌తో ముక్క చుట్టూ గీత గీస్తే చుక్క కదలదు, స్లైడుకి 150 బదులు 100 మైక్రోలీటర్లు సరిపోతాయి. 0.1 మి.లీ. యాంటీబాడీని 1:100 పలుచన చేస్తే 10 మి.లీ., అంటే 66 స్లైడ్ల బదులు 100. ఆ పెన్ను ఖరీదు ఒక్క బ్యాచ్‌లో తిరిగొచ్చేసింది.

డాబ్ వాడాక సింకులో పోయకండి, క్యాన్సర్ కారకమనే అనుమానం ఉన్న పదార్థం. గ్లవ్స్, విడి సీసా.

*నడుస్తున్న లెక్క: స్పేర్ 34.*

దశ 5: రెండు రంగులు

కేఐ-67 కుందేలు యాంటీబాడీ, సీడీ8 ఎలుక యాంటీబాడీ. కాబట్టి కుందేలు యాంటీబాడీకి హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్, డాబ్, గోధుమ. ఎలుక యాంటీబాడీకి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్, ఎరుపు. కేంద్రకంలో గోధుమ, పొర మీద ఎరుపు. టాన్సిల్ ముక్కని కంట్రోల్‌గా ప్రతి బ్యాచ్‌లో పెట్టాం. టాన్సిల్‌లో జెర్మినల్ సెంటర్లు (బీ కణాలు పెరిగే గుంపులు) కేఐ-67తో నిండిపోయి, వాటి మధ్య ప్రాంతాల్లో సీడీ8 పరుచుకుని ఉండాలి. అలా లేకపోతే ఆ బ్యాచ్ చూడక్కర్లేదు.

మొదటి బ్యాచ్‌లో ఎరుపు చాలా పేలవం. కడగడానికి వాడింది ఫాస్ఫేట్ బఫర్, అది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ని అణచేస్తుంది. ట్రిస్ బఫర్‌కి మార్చాం, పీహెచ్ 7.6. ఎరుపు వచ్చింది, మైక్రోస్కోపు కింద తడిగా ఉన్నప్పుడే చూసుకుని సంతోషపడి, మామూలు అలవాటు ప్రకారం ఆల్కహాల్, జైలీన్, డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అతికించే జిగురు) పెట్టాం. కవర్‌స్లిప్ వేశాక ఎరుపు లేదు! మేం వాడిన ఫాస్ట్ రెడ్ ఆల్కహాల్‌లో కరిగిపోయే రకం. కిట్టు కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది కూడా. ఈ రెండింటికీ కలిపి పోయినవి 8 స్లైడ్లు.

ఇప్పటి వరుస:

1. పెరాక్సైడ్, ప్రొటీన్ బ్లాక్, రెండు ప్రైమరీలూ కలిపి గంట.
2. ట్రిస్ బఫర్‌తో మూడు కడుగుళ్లు.
3. రెండు పాలిమర్లు. ముందు డాబ్, 5 నిమిషాలు. తర్వాత ఎరుపు. ఎరుపు ద్రావణంలో లెవమిసోల్ కలపాలి, కణజాలంలో సొంతంగా ఉండే ఫాస్ఫటేజ్ కోసం.
4. హిమటాక్సిలిన్ 45 సెకన్లు. ముందు 5 నిమిషాలు పెట్టేవాళ్లం. నీలం ముదిరితే పలుచటి గోధుమ కింద పడిపోతుంది.
5. ఆల్కహాల్ వద్దు. నీటితో కలిసే గ్లిజరాల్ జెలటిన్‌తో కవర్‌స్లిప్. ఇవి శాశ్వతం కావు కాబట్టి అదే వారం ఫొటోలు తియ్యాలి.

ఎరుపు లేని మిగతా స్లైడ్లకి డీపీఎక్సే. అయితే వానల్లో అబ్సొల్యూట్ ఆల్కహాల్ మూత తీసి ఉంచితే గాల్లో తేమ పీల్చుకుని అబ్సొల్యూట్‌గా ఉండదు, స్లైడు మజ్జిగ పోసినట్టు తెల్లగా మసకబారుతుంది. చిన్న సీసాల్లోకి వంపుకుని, ఎప్పటికప్పుడు కొత్తది తెరుచుకుంటే ఆ గొడవ లేదు.

*నడుస్తున్న లెక్క: స్పేర్ 26.*

దశ 6: ఫొటోలు

కొలత ముందు, ఫొటో తర్వాత. స్టేజ్ మైక్రోమీటర్ పెట్టి 40ఎక్స్‌లో ఫొటో తీశాం. 100 మైక్రాన్లకి 400 పిక్సెళ్లు, అంటే పిక్సెల్‌కి 0.25 మైక్రాన్. మా కెమెరా ఫ్రేము 1600 × 1200, కాబట్టి ఒక ఫీల్డు 400 × 300 మైక్రాన్లు, 0.12 చదరపు మి.మీ. పది ఫీల్డులకి 1.2 చదరపు మి.మీ. కణాలు లెక్కపెట్టే క్యూపాత్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కానీ కెమెరా ఫొటోలో పిక్సెల్ సైజు సమాచారం ఉండదు, అది చేత్తో ఇవ్వకపోతే కణం సైజులు మైక్రాన్లలో రావు.

ఖాళీ గాజు ఫొటోలో వెలుతురు 255కి 240 దగ్గర ఉండాలని పెట్టుకున్నాం. సాయంత్రం వోల్టేజ్ పడితే హాలోజన్ దీపం పసుపెక్కి 215కి దిగింది. పసుపెక్కిన నేపథ్యాన్ని సాఫ్ట్‌వేర్ పలుచటి గోధుమ కింద లెక్కేస్తుంది. మైక్రోస్కోపుకి యూపీఎస్ పెట్టి, స్లైడుకో ఖాళీ ఫీల్డు ఫొటో తప్పనిసరి చేశాం. జేపెగ్ వద్దు, టిఫ్.

దశ 7: అసలు గొడవ, ఎవరి గోధుమ?

ప్రాజెక్టులో ఎక్కువ కాలం పోయింది ఇక్కడే, పోవాల్సిందీ ఇక్కడే.

కేఐ-67 అనేది విభజన బాటలో ఉన్న ఏ కణంలోనైనా ఉంటుంది, విశ్రాంతిలో ఉంటే ఉండదు. ఆ కణం ట్యూమర్‌దా కాదా అన్నది దానికి పట్టదు. టీ కణం రెచ్చిపోయి సంఖ్య పెంచుకుంటున్నా గోధుమే. బీ కణాల గుంపు అయితే టాన్సిల్‌లోలాగే చిక్కటి గోధుమ. ఇప్పుడు "హాట్‌స్పాట్ ఎక్కడుంది" అని సాఫ్ట్‌వేర్‌ని అడిగితే అది గోధుమ ఎక్కువున్న చోటికి తీసుకెళ్తుంది, అంటే ఒక్కోసారి నేరుగా లింఫోసైట్ల గుంపు మీదికే. ఆ తర్వాత అదే ఫీల్డులో సీడీ8 లెక్కపెట్టి "కేఐ-67 ఎక్కువున్నచోట సీడీ8 ఎక్కువ" అని రాస్తే, అది ట్యూమర్ గురించిన వార్త కాదు. లింఫోసైట్లని రెండుసార్లు లెక్కపెట్టి వాటినే పక్కపక్కన పెట్టి పోల్చినట్టు.

బి-17 ఉదాహరణ. ఈఆర్ పాజిటివ్. క్యూపాత్‌లో పాజిటివ్ సెల్ డిటెక్షన్, డాబ్ గీత (ఎంత ముదురైతే పాజిటివ్ అనాలో) దాని సొంత డిఫాల్ట్ 0.2, హాట్‌స్పాట్‌లో కేఐ-67 34 శాతం. అదే ఫీల్డు జంట రంగులో చూస్తే, గోధుమ కేంద్రకాల్లో చాలావాటి చుట్టూ సన్నటి ఎర్ర ఉంగరం. ట్యూమర్ కణాల గూళ్లని చేత్తో గీసి, వాటిలోపల 500కి తక్కువ కాకుండా ట్యూమర్ కణాలే లెక్కపెడితే 19 శాతం. ఈఆర్ పాజిటివ్ తొలిదశ కేసుల్లో కీమో గురించి ఆలోచించేటప్పుడు అంతర్జాతీయ కేఐ-67 బృందం నమ్మదగ్గవి అని చెప్పే గీతలు 5 శాతం లోపు, 30 శాతం పైన. మా రెండు అంకెలూ ఆ పై గీతకి చెరోవైపు పడ్డాయి. ఇవి పరిశోధన స్లైడ్లు, ఎవరి చికిత్సా వీటి మీద నడవదు. అయినా చూడగానే టెన్షన్ వచ్చింది.

దాన్ని సరిచెయ్యడానికి ప్రయత్నించిన దారులు:

1. సైజు ఫిల్టర్: చిన్న గుండ్రటి కేంద్రకాల్ని తీసెయ్యమన్నాం. గ్రేడ్ 3 ట్యూమర్లలో బాగానే పనిచేసింది. లోబ్యులర్ రకంలో పూర్తిగా దెబ్బతింది, ఎందుకంటే ఆ ట్యూమర్ కణాలే చిన్నవి, ఒంటరిగా వరుసకట్టి నడుస్తుంటాయి. ఫిల్టర్ ట్యూమర్‌నే తీసేసింది.
2. ఎర్ర ఉంగరం ఉన్నవి తీసెయ్యడం: సీడీ4 కణాలు, బీ కణాలు మిగిలిపోతాయి. వాటికి ఎరుపు లేదు. పైగా గోధుమ, ఎరుపు ఒకే కణంలో కలిసినచోట సాఫ్ట్‌వేర్ రంగుల్ని సరిగ్గా విడదియ్యలేకపోయింది.
3. చేత్తో గూళ్లు గియ్యడం: నెమ్మది, కానీ నమ్మకం. ప్రస్తుతం ఇదే. పాథాలజిస్ట్ మేడమ్‌కి కోడ్ నంబర్లు కూడా దాచి, నేను గీసినవాటిలో కొన్నిటిని ఆవిడ చేత మళ్లీ గీయించాం. మా ఇద్దరికీ తేడా వచ్చింది దాదాపు ఎప్పుడూ ఒకేచోట, గూడు అంచున ట్యూమర్ కణాల మధ్యకి లింఫోసైట్లు చొచ్చుకొచ్చిన ప్రాంతంలో. మన ప్రశ్నకి కీలకమైన ప్రాంతమూ అదే కావడం విసుగు పుట్టించే సంగతే, కానీ వదిలెయ్యలేం.

పాన్ సైటోకెరాటిన్ రంగు కూడా వేస్తే ట్యూమర్ కణాలు వాటంతటవే విడిపోతాయి. డబ్బుంటే మొదటిరోజే అది ప్యానెల్‌లో పెట్టుకోండి.

సీడీ8ని రెండుగా లెక్కేశాం, గూడు లోపల చదరపు మి.మీ.కి ఎన్ని, స్ట్రోమాలో (గూళ్ల మధ్య ఉండే పీచు కణజాలంలో) ఎన్ని. విడిగా హెచ్ అండ్ ఈ మీద స్ట్రోమల్ టిల్స్ (ట్యూమర్‌లోకి చేరిన లింఫోసైట్లు) శాతం, 2015 అంతర్జాతీయ సిఫార్సుల ప్రకారం. అందులో కణాలు లెక్కపెట్టరు, స్ట్రోమా వైశాల్యంలో లింఫోసైట్లు ఆక్రమించింది ఎంత అని అంచనా వేస్తారు. చచ్చిన భాగం, డక్ట్ లోపలి ట్యూమర్, నలిగిన అంచులు వదిలెయ్యాలి.

అంకెలు. 30లో 3 కేసులకి మంచి జంట రంగు స్లైడు మిగల్లేదు, అందులో ఈఆర్ పాజిటివ్ 2, హెర్2 పాజిటివ్ 1. మిగిలినవి 27. కేఐ-67కీ సీడీ8కీ మధ్య స్పియర్‌మన్ సంబంధం (రెండూ కలిసి పెరుగుతున్నాయా అనే కొలత, గరిష్ఠం 1) 27 కేసుల్లో యాదృచ్ఛికం కాదనడానికి కనీసం 0.38 ఉండాలి. సాఫ్ట్‌వేర్ హాట్‌స్పాట్ అంకెలతో ఆ గీత సులువుగా దాటింది. ట్యూమర్ కణాలే లెక్కపెట్టాక కూడా, కాస్త కిందికి దిగినా, దాటింది. అయితే ట్రిపుల్ నెగెటివ్‌లో కేఐ-67 సహజంగానే ఎక్కువ, టిల్స్ కూడా ఎక్కువ. ఈఆర్ పాజిటివ్‌లో రెండూ తక్కువ. అన్నీ ఒకే గోనెలో పోస్తే గీత పైకి లేచినట్టే కనబడుతుంది. విడివిడిగా చూస్తే, ఈఆర్ పాజిటివ్ 13లో కావాల్సింది 0.56, దాని దరిదాపుల్లో కూడా లేదు. ట్రిపుల్ నెగెటివ్ 9లో కావాల్సింది 0.70, అంత కొద్దిమందితో ఉన్నా లేదన్నా నేను నమ్మను. హెర్2 పాజిటివ్ 5 కేసులకి లెక్కే కట్టలేదు. ఇంత చిన్న గుంపు నుంచి ఫలితం చెప్పకూడదు, ఎవరూ దీన్ని కోట్ చెయ్యొద్దు. కానీ పేపర్లలో "ప్రొలిఫరేషన్ స్కోరు, ఇమ్యూన్ స్కోరు కలిసి పెరిగాయి" అని చూసినప్పుడు మొదట అడిగేది ఇప్పుడు నాకు తెలుసు: అది ఎవరి ప్రొలిఫరేషన్? నూరిన కణజాలం నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసినప్పుడు ఆ ఎర్ర ఉంగరాలు ఉండవు.

*నడుస్తున్న లెక్క: కేసులు 27, ఒక్కోదానికి 10 ఫీల్డుల చొప్పున ఫొటోలు 270.*

దశ 8: ఆర్‌బీ పోయిన ట్యూమర్లు

ట్రిపుల్ నెగెటివ్ 9లో 3 స్లైడ్లలో ట్యూమర్ కేంద్రకాలన్నీ నీలం, ఆర్‌బీ అసలు లేదు, పీ16 మాత్రం చిక్కటి గోధుమ. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్నదే, ఆర్‌బీ పోతే పీ16 మీద అదుపు పోయి అది పెరుగుతుంది. యాంటీబాడీ పనిచెయ్యక నీలంగా ఉందా అనే అనుమానానికి జవాబు అదే స్లైడు మీద ఉంది. నీలం ట్యూమర్ కణాల మధ్య ఇరుక్కున్న లింఫోసైట్ల కేంద్రకాలు గోధుమ, రక్తనాళాల గోడల కేంద్రకాలు గోధుమ. లోపలి కంట్రోల్ ఇంత స్పష్టంగా దొరికే రంగు ఇంకోటి లేదు, ఆర్‌బీ చూసేవాళ్లు ముందు లింఫోసైట్ గోధుమగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే ట్యూమర్ వైపు వెళ్లండి. లింఫోసైట్ కూడా నీలంగా ఉంటే ఆ ఫీల్డు వదిలెయ్యండి.

ఈ ఒక్క ఫీల్డు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. సీడీకే4/6 మందు ట్యూమర్ మీద పనిచెయ్యాలంటే ఆర్‌బీ ఉండాలి. ఈ ట్యూమర్ కణాల్లో అది లేదు కాబట్టి ఈ2ఎఫ్ తగ్గదు, 2017 నాటి ఇంటర్‌ఫెరాన్ దారి ఇక్కడ మొదలవ్వడానికి ఆధారం లేదు. కానీ పక్కనే ఉన్న లింఫోసైట్లో ఆర్‌బీ భేషుగ్గా ఉంది. మందు దానికి తగుల్తుంది. ఈ మందులు వాడేవాళ్లలో తెల్లకణాలు పడిపోవడం అందరికీ తెలిసిన దుష్ప్రభావమే, ఎముక మజ్జలోని కణాలకి విభజన చెందడానికి సీడీకే6 కావాలి. అదే 2017 పనిలో, టీ కణాల్లో రెగ్యులేటరీ రకం (మిగతా టీ కణాల్ని అణిచేది) సీడీ8 కంటే ఎక్కువగా తగ్గింది, అది మేలు చేసే దిశ. కాబట్టి "ట్యూమర్ కణంలో సెల్ సైకిల్ మారితే రోగనిరోధక వ్యవస్థ ఎలా స్పందిస్తుంది" అని నేను మొదట రాసుకున్న ప్రశ్న సగమే. మిగతా సగం టీ కణం సొంత సెల్ సైకిల్. కేఐ-67 గోధుమ ఉన్న సీడీ8లని దశ 7లో చెత్త కింద తీసి పక్కన పెట్టాను, ఇప్పుడు వాటినే విడిగా లెక్కపెడుతున్నాను.

సైక్లిన్ డీ1 గురించి ఎక్కువ రాయడానికి లేదు. ఈఆర్ పాజిటివ్‌లో చాలావరకు ముక్కంతా గోధుమే, ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా లేకపోతే పక్కన సీడీ8 ఎన్నున్నాయన్న పోలిక కుదరదు. సైక్లిన్లు అసలు బయటపడింది సముద్రంలో దొరికే ముళ్ల జీవి, సీ అర్చిన్ గుడ్లలో, 1982లో టిమ్ హంట్ అమెరికాలోని ఉడ్స్‌హోల్‌లో చూశాడు, 2001లో నోబెల్ వచ్చింది. కణం విభజన చెందినప్పుడల్లా ఒక ప్రోటీన్ పేరుకోవడం, ఉన్నట్టుండి మాయమవ్వడం ఆయన గమనించింది. ఫార్మలిన్‌లో వేసిన ముక్కలో ఆ ఎక్కడం దిగడం ఏదీ ఉండదు, ఒక్క క్షణమే ఉంటుంది. అందుకే ఇప్పుడు జెమినిన్ అనే ప్రోటీన్‌కి యాంటీబాడీ తెప్పిస్తున్నాం. ఆ ప్రోటీన్ డీఎన్‌ఏ కాపీ మొదలైనప్పటి నుంచి విభజన దాకానే ఉంటుంది, కేఐ-67తో జత చేస్తే కణం మొదటి దశలో ఉందా, దాటిందా అన్నది కాస్త తెలుస్తుంది. పీడీ-ఎల్1 విభజన సమయంలో, తర్వాతి తొలిదశలో ఎక్కువని 2018 పని చెప్పింది కాబట్టి ఆ జతకి అర్థం ఉంది.

ఇప్పటి స్థితి

కేసులు 27, స్పేర్ స్లైడ్లు 26. అంటే జెమినిన్, పాన్ సైటోకెరాటిన్ జంటకి కేసుకో స్లైడు కూడా నిండదు, అదీకాక ఆ స్పేర్లన్నీ ఆరు, ఏడు సెక్షన్లు. మళ్లీ కొయ్యాలా, ట్రిపుల్ నెగెటివ్ 9 బ్లాకులకే పరిమితం చెయ్యాలా అని మేడమ్‌తో మాట్లాడుతున్నాం. నా ఓటు 9కే: ఒక్కో బ్లాకు నుంచి కొత్తగా 3 సెక్షన్లు, వరుసగా జెమినిన్–సైటోకెరాటిన్, పీడీ-ఎల్1, కేఐ-67–సీడీ8. మొత్తం 27 స్లైడ్లు, బ్యాచ్‌కో టాన్సిల్. ఎరుపుకి ఈసారి ఆల్కహాల్‌కి తట్టుకునే రకం ఆర్డర్ పెట్టాం, వస్తే దశ 5లోని ఐదో మెట్టు మారుతుంది.